ఆరు హుక్కులు

(అక్టోబరు 12, ప్రపంచ కీళ్ళవ్యాధుల దినం నాడు తెనాలిలో జరిగిన సమావేశంలో, 14 ఏళ్ళుగా కీళ్ళవాతంతో ఉంటూ కుట్టుపని చేసుకుంటున్న ఒక మహిళ చేసిన ప్రసంగం. రికార్డు నుంచి రాసుకున్నది.)

అందరికీ నమస్కారమండీ.

ముందుగా ఒక మాట. కుర్చీలో ఎక్కువసేపు కూర్చోలేని వాళ్ళు లేచి నిలబడండి. నిలబడలేని వాళ్ళ కోసం ఆ గోడ వారగా చాపలు వేశాం, నడుం వాల్చండి. మధ్యలో లేచి అటూ ఇటూ తిరిగినా ఎవరూ ఏమీ అనుకోరు. పావుగంట ఒకే తీరున కూర్చుంటే మోకాళ్ళు పట్టేసే వాళ్ళం సగం మందిమి ఉన్నాం ఇక్కడ. నేనూ కాసేపు ఈ బల్ల పట్టుకుని నిలబడి, కాసేపు కూర్చుని మాట్లాడతాను.

నన్ను మాట్లాడమని అడిగినప్పుడు నేను డాక్టర్ని కాదు కదండీ అన్నాను. "మందుల సంగతి పొద్దున డాక్టరుగారు చెప్తారమ్మా. మూడు నెలలకోసారి ఆయన దగ్గర పది నిమిషాలు కూర్చుంటారు కదా, మిగతా మూడు నెలలూ ఎలా గడుస్తాయో మీరు చెప్పండి" అన్నారు. అదైతే నాకు తెలుసు. అందుకే ఒప్పుకున్నాను.

నాది కుట్టుపని. జాకెట్లు కుడతాను, చీరలకి ఫాల్ వేస్తాను, పిల్లలకి గౌన్లు కుడతాను. కాబట్టి జాకెట్టుతోనే మొదలుపెడతాను.

14 ఏళ్ళ క్రితం దసరా ముందు రోజులు. చేతి నిండా పని. రాత్రి ఒంటిగంట దాకా మిషను తొక్కి పడుకున్నాను. పొద్దున్నే లేచి చూస్తే వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఉంగరం కదలడం లేదు. పని ఎక్కువైందిలే అనుకుని స్నానం చేసి వచ్చాను. చీర కట్టుకుందామని జాకెట్టు వేసుకున్నాను. ఆరు హుక్కులు. మొదటి హుక్కు కాజాలోకి పోవడం లేదు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి వస్తున్నాయి గానీ వాటిలో బలం లేదు. పట్టుకున్నది జారిపోతోంది. అప్పటికి నేను ఎన్ని వేల హుక్కులు కుట్టి ఉంటానో లెక్క లేదు. చీకట్లో కూడా కుట్టేదాన్ని. అలాంటిది నా జాకెట్టుకి ఒక్క హుక్కు పెట్టుకోలేక మంచం మీద కూర్చుండిపోయాను.

మా ఆయన పాలకి వెళ్ళారు. మా అమ్మాయికి అప్పుడు 9 ఏళ్ళు. వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నాలుక కొంచెం బయటపెట్టి, జాగ్రత్తగా ఒక్కొక్కటే ఆరు హుక్కులూ పెట్టింది. పెట్టి, "అమ్మా, నీకు హుక్కులు పెట్టుకోవడం రాదా?" అని అడిగింది. వచ్చులేమ్మా, ఇవాళ చెయ్యి నొప్పి అన్నాను. ఆ రోజు నుంచి దాదాపు రెండేళ్ళు ఆ పిల్లే పెట్టింది. బడికి వెళ్ళే హడావుడిలో కూడా ముందు నా దగ్గరికి వచ్చి, తర్వాత జడ వేసుకునేది.

ఆ రెండేళ్ళూ నా జబ్బుకి పేరు లేదు. కాల్షియం బిళ్ళలు ఇచ్చారు, బలానికి ఇంజక్షన్లు చేశారు. ఒక చోట రక్తం తక్కువగా ఉందన్నారు, ఇంకో చోట మనసులో దిగులేమైనా ఉందా అన్నారు. నేను ఎవరినీ తప్పు పట్టడం లేదు. కానీ నన్ను బాగా కుంగదీసింది వేరే ఉంది. పదకొండు గంటలయ్యేసరికి నా చేతులు కొంచెం వదిలేవి. మిషను దగ్గర కూర్చునేదాన్ని, గడువుకి బట్టలు ఇవ్వాలి కదా. అది చూసి చుట్టుపక్కల వాళ్ళు, "పొద్దున పొయ్యి దగ్గరికి రావడానికి చేతులు లేవవు గానీ, పదకొండింటికి మిషను తొక్కడానికి లేస్తాయి" అనుకునేవాళ్ళు. మా అత్తగారు పైకి అనలేదు. అనకపోయినా గిన్నెల చప్పుడులో తెలిసేది.

అది నటన కాదండీ, జబ్బు గుణమే అది. ఒంట్లో వాపు పుట్టించే పదార్థాలు తెల్లవారుజామున ఎక్కువగా ఉంటాయి. అందుకే కీళ్ళవాతం ఉన్న వాళ్ళకి పొద్దున్నే కీళ్ళు బిగుసుకుపోతాయి, గంట, రెండు గంటలు, కొందరికి ఇంకా ఎక్కువసేపు. కదిలిస్తూ ఉంటే మెల్లగా వదులుతాయి. మోకాళ్ళు అరిగిన వాళ్ళకి దాదాపు తిరగబడి ఉంటుంది. వాళ్ళకి పొద్దున కొద్దిసేపు బిగువు, నడిచేకొద్దీ నొప్పి. ఈ ఒక్క తేడా మా ఇంట్లో ముందే తెలిసి ఉంటే ఎన్ని పొద్దులు ప్రశాంతంగా గడిచేవో. ఇక్కడికి కోడళ్ళతో, భార్యలతో వచ్చిన వాళ్ళు దయచేసి ఈ మాట ఇంటికి పట్టుకెళ్ళండి.

చివరికి వాత వ్యాధుల స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్త పరీక్షలు చేయించారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే ఈ కీళ్ళవాతమే అన్నారు. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ బలగమే మన కీళ్ళ మీద పడుతుందని చెప్పారు. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువట. మొదటి నెలల్లోనే మందు మొదలుపెడితే కీళ్ళు వంకరపోకుండా చాలావరకు ఆపవచ్చట. నాకు రెండేళ్ళు పోయాయి. ఈ రెండు వేళ్ళు చూడండి, ఇవి ఆ రెండేళ్ళవే.

ఇక మా గుంపు సంగతి.

అది ఒక ల్యాబు బయట మొదలైంది. రక్తం ఇవ్వడానికి కూర్చున్నాం, పరగడుపున. పక్కన ఒక అక్క నీళ్ళ సీసా మూత తిప్పలేక నా చేతికి ఇచ్చింది. నేనూ తిప్పలేకపోయాను. అవతల కూర్చున్న పిన్నిగారు అందుకుని, చీర కొంగు మూత చుట్టూ చుట్టి, రెండు అరచేతుల మధ్య పెట్టి, వేళ్ళతో పని లేకుండా తిప్పేశారు. ముగ్గురం ఒకరి చేతులు ఒకరం చూసుకున్నాం. ఎవరమూ ఏమీ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు. నాలుగేళ్ళలో మొదటిసారి నేను వివరం చెప్పకుండా ఊరుకున్నది ఆ బల్ల మీదే. ఫోన్ నంబర్లు ఇచ్చుకున్నాం. ఇప్పుడు 38 మందిమి. కీళ్ళవాతం వాళ్ళున్నారు, లూపస్ అని, ఒంటి రక్షణ బలగం కీళ్ళనే కాక చర్మం, కిడ్నీల లాంటి వాటినీ దెబ్బతీసే జబ్బున్న పిల్ల ఉంది, ఫైబ్రోమయాల్జియా వాళ్ళున్నారు, నడుం బిగుసుకుపోయే జబ్బున్న మగవాళ్ళున్నారు, మోకాళ్ళు అరిగిన పెద్దవాళ్ళున్నారు. 2006లో చికున్‌గున్యా వచ్చి, జ్వరం వారంలో పోయినా కీళ్ళ నొప్పులు ఏళ్ళ తరబడి మిగిలిపోయిన ఒక బాబాయిగారు కూడా ఉన్నారు. ఆ ఏడు ఎలా ఉందో మీకూ గుర్తుండే ఉంటుంది. ఇంటింటా మంచాలే. చికున్‌గున్యా అనే మాటకి అర్థం ఒంగిపోవడమట, ఆఫ్రికాలో మకొండే వాళ్ళ భాషలో. పేరు పెట్టిన వాళ్ళెవరో గానీ కళ్ళారా చూసే పెట్టి ఉంటారు.

మా గుంపులో మోకాళ్ళ నొప్పులున్న ఒక తెలుగు మాస్టారు ఉన్నారు, రిటైరయ్యారు. మాకు ఆయన చేసిన మేలు ఒకటి చెప్పాలి. ఒకసారి నేను, డాక్టరు ముందు కూర్చుంటే నొప్పి అనే ఒక్క మాట తప్ప నోటికి ఏమీ రావడం లేదు మాస్టారూ అన్నాను. ఎక్కడ అంటే ఒళ్ళంతా, ఎలా ఉంటుంది అంటే నొప్పిగా ఉంటుంది. ఇంతేనండీ నేను చెప్పేది. ఆయన బోర్డు తెప్పించి, "మీ అమ్మా, మీ అమ్మమ్మా ఏమనేవాళ్ళో ఒక్కొక్కరే చెప్పండి" అన్నారు. సలుపు అన్నారొకరు. పోటు. పీకుడు. గుంజుడు. తీపులు. మంట. తిమ్మిరి. మొద్దుబారడం. కలుక్కుమనడం. జివ్వుమని లాగడం. కొంకర్లు పోవడం. సూదులతో పొడిచినట్టు. గంటసేపట్లో బోర్డు నిండిపోయింది. 1975లో కెనడాలో మెల్జాక్ అనే శాస్త్రవేత్త నొప్పిని చెప్పే 78 మాటలు పోగేసి, 20 గుంపులుగా విడదీసి, రోగుల కోసం ఒక ప్రశ్నావళి తయారు చేశారట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. తెలిశాక మాస్టారు మన మాటలన్నీ ఇంకోసారి శుభ్రంగా రాయించారు.

ఇది కాలక్షేపం కాదు. ఒక్కో మాట ఒక్కో దారి చూపిస్తుంది. నడుం దగ్గర పుట్టి జివ్వున పిక్కలోకి పాకుతోంది అంటే డాక్టరు నరం గురించి ఆలోచిస్తారు. పొద్దున్నే బిగుసుకుపోతోంది అంటే వాపు గురించి ఆలోచిస్తారు. ఒక కూరగాయలమ్మే అక్క చాలాకాలంగా కాళ్ళు నొప్పులని మందుల షాపులో బిళ్ళలు కొనుక్కుని మింగుతోంది. బోర్డు ముందు నిలబడి, "నాకివేమీ కాదు మాస్టారూ, పాదాల్లో కారం రాసినట్టు ఉంటుంది, రాత్రయితే దుప్పటి తగిలినా ఓర్చుకోలేను" అంది. అదే మాట పట్టుకెళ్ళి డాక్టరుకి చెప్పమన్నాం. చక్కెర పరీక్ష చేశారు. షుగరు బాగా ఎక్కువగా ఉంది, దానివల్ల పాదాల నరాలు దెబ్బతిన్నాయి. వైద్యం మారింది. నొప్పి బిళ్ళలు మానేసింది. అలా ఏళ్ళ తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పాడవుతాయి. షుగరున్న మనిషికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

మా అమ్మాయికి ఇప్పుడు 23 ఏళ్ళు. హైదరాబాదులో ఉద్యోగం. ఒకరోజు ఫోన్ చేసి, "అమ్మా, నొప్పి అంటే ఏమిటో పెద్ద పెద్ద డాక్టర్లు కూర్చుని రాసుకున్నారు, వింటావా" అంది. నొప్పిని అధ్యయనం చేసే అంతర్జాతీయ సంఘం ఒకటి ఉంది. 1979లో వాళ్ళు నొప్పికి ఒక నిర్వచనం ఇచ్చారు. దాన్ని 2020లో సవరించారు. సవరించినప్పుడు కింద కొన్ని వివరణలు చేర్చారు. నొప్పి ఎప్పుడూ ఆ మనిషి సొంత అనుభవమే అని ఒకటి. ఒక మనిషి నాకు నొప్పిగా ఉంది అంటే ఆ మాటని గౌరవించాలి అని ఇంకొకటి. నోటితో చెప్పలేకపోయినంత మాత్రాన నొప్పి లేనట్టు కాదు అని మరొకటి. మా అమ్మాయి వాటిని తెలుగులో రాసి పంపింది. నేను దాన్ని మిషను పైన గోడకి అంటించుకున్నాను. బట్టలివ్వడానికి వచ్చిన వాళ్ళు చదివి, "ఇదేంటి వదినా" అని అడుగుతారు. చెప్తాను. అలా అడిగిన వాళ్ళలో ముగ్గురు ఇవాళ ఇక్కడ కూర్చున్నారు.

మూడు నెలలు దాటి ఉండే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో దానికి విడిగా స్థానం ఇచ్చారు. ఇంకో జబ్బుకి లక్షణంగానే కాదు, నొప్పే జబ్బుగా కూడా. ఈ మాట ఎవరికి ఎక్కువ ఊరటో చెప్తాను.

పోయిన ఏడాది ఒక అమ్మాయి అత్తగారితో కలిసి మా మీటింగుకి వచ్చింది. పాతికేళ్ళు కూడా లేవు. ఒళ్ళంతా నొప్పులు, నిద్ర పట్టదు, పట్టినా లేచేసరికి అలసటే. ఎక్స్‌రేలు, రక్త పరీక్షలు అన్నీ చేయించారు. అత్తగారు ఫైలు తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "చూడండమ్మా, అన్నీ నార్మలే. మరి ఏమిటంటారు" అంది. ఆమె చెడ్డది కాదండీ, అప్పు చేసి మరీ పరీక్షలు చేయించింది. అమ్మాయి మాత్రం తల దించుకుని చీర అంచు మడతపెడుతూ కూర్చుంది. ఎన్ని మడతలు పెట్టిందో.

ఆ జబ్బుని ఫైబ్రోమయాల్జియా అంటారు. కీలు పాడవదు, కండరం చిరగదు, అందుకే ఎక్స్‌రేలో కనపడదు. నొప్పి కబురు మోసే నరాలూ, దాన్ని అందుకునే మెదడూ అతిగా స్పందిస్తాయి. నేను ఈ మైకు దగ్గర మాట్లాడుతున్నాను కదా. సౌండు పూర్తిగా పెంచేస్తే నేను ఊపిరి పీల్చినా మీ చెవులకి హోరున వినిపిస్తుంది. ఆ హోరు మీరు కల్పించుకున్నది కాదు, నిజంగానే వినపడుతుంది. ఆ రోజు ఇలాగే చెప్పాను ఆ పెద్దావిడకి. వెంటనే ఒప్పుకుందని చెప్పను. రెండోసారి రాలేదు. మూడోసారి కోడల్ని ఒక్కదాన్నే పంపింది. నాలుగోసారి తనే వచ్చి, వెనక వరసలో కూర్చుని, అందరి మాటలూ విని, వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర కోడలి చెప్పులు తీసి ముందు పెట్టింది. మా వాళ్ళలో చాలామంది అది చూశారు. ఎవరమూ మాట్లాడలేదు.

ఆ అమ్మాయికి మందులతో పాటు రోజూ నడవమని చెప్పారు. మొదట ఐదు నిమిషాలు, వారం తర్వాత ఏడు, అలా. ఈ జబ్బుకి ఏది పనిచేస్తుందని యూరప్ వాత వైద్యుల సంఘం ఆధారాలన్నీ చూసి 2017లో సూచనలు ఇచ్చింది. వాటిలో గట్టిగా సిఫార్సు చేసింది వ్యాయామాన్ని ఒక్కదాన్నే. కానీ నొప్పితో ఉన్న మనిషిని లేచి నడవవే అంటే ఎలా నడుస్తుంది? అందుకని మా వాళ్ళలో ఒకావిడ రోజూ సాయంత్రం కాలవ గట్టు దాకా ఆమెతో వెళ్తుంది. ఈ ఐదు నిమిషాలకి తోడు కావాలండీ. మందుల చీటీలో అది రాయరు.

మంచి రోజుల గురించి కూడా చెప్పాలి. నొప్పి లేని రోజు వచ్చిందనుకోండి, మనం ఏం చేస్తాం? సంక్రాంతి వస్తోందని బూజులు దులుపుతాం, దుప్పట్లు నానబెడతాం, అరిసెలకి బియ్యం దంచుతాం. మర్నాటి నుంచి మూడు రోజులు మంచం. నేను ఎన్నిసార్లు చేశానో ఈ తప్పు. పంపు రెండు రోజులకోసారి వచ్చే ఇంట్లో నీళ్ళు ఎలా వాడతామండీ? మొదటి రోజే డ్రమ్ము ఖాళీ చెయ్యం కదా. మంచి రోజున కూడా అరగంట పని, పది నిమిషాల విశ్రాంతి. మిషను దగ్గర నేను ఫోన్లో అలారం పెట్టుకుంటాను. మొదట్లో దాని మీద విసుగొచ్చేది, ఈ ఒక్క కుట్టూ అయిపోనీ అనిపించేది. ఆ ఒక్క కుట్టే మర్నాటి పొద్దుని తినేస్తుందని నేర్చుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

మాలో కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. నాకింకా ఎక్కువ నొప్పి అని ఎవరూ అనకూడదు. ధైర్యంగా ఉండు, అదే పోతుంది అనే మాట కూడా వద్దు. ఒకరి మందు ఇంకొకరికి చెప్పకూడదు, దీని మీద మాత్రం గట్టిగా ఉంటాం. పేరు రాయని పొడులు, మాత్రలు ఎవరైనా తెస్తే డాక్టరుకి చూపించకుండా వేసుకోవద్దంటాం. కొన్నిటిలో స్టెరాయిడ్ కలిపి అమ్ముతారు. మూడు రోజుల్లో నొప్పి మాయమవుతుంది, దేవుడిచ్చిన మందు అనిపిస్తుంది. నెలలు గడిచేసరికి మొహం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అప్పుడు భయపడి ఒక్కసారిగా మానేస్తే అది ఇంకో ప్రమాదం. వాడుతూ ఉన్న వాళ్ళెవరైనా ఇక్కడుంటే మీరు చేసింది తప్పని నేను అనను. నొప్పి ఓర్చుకోలేకే కదా వేసుకున్నారు. కానీ దాచకండి. డాక్టరుకి చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి.

మంగళవారం బిళ్ళ సంగతి అందరూ వినండి. కీళ్ళవాతానికి ఎక్కువగా రాసే మందు మెథోట్రెక్సేట్. దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ కాదు. దానితో పాటు ఫోలిక్ యాసిడ్ ఇస్తారు, అది డాక్టరు చెప్పిన రోజుల్లో వేరేగా. మాలో కొత్తగా చేరిన ఒక అక్క ఫోన్ చేసి, నోరంతా పూసింది, మంచినీళ్ళు కూడా దిగడం లేదు అంది. ఫోన్ ఎత్తినావిడ, "అక్కా, ఆ పసుపుపచ్చ బిళ్ళ ఏ వారం వేసుకుంటున్నావు?" అని అడిగింది. "ఏ వారమేమిటి, రోజూ రాత్రి వేసుకుంటున్నాగా" అంది. ఆరు రోజులైంది. చీటీ ఇంగ్లీషులో ఉంది, ఇంట్లో చదివే వాళ్ళు లేరు. వెంటనే ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. రక్త కణాలు పడిపోయాయి. విరుగుడు ఇంజక్షన్లు ఇచ్చి, పది రోజులు ఉంచి, కాపాడారు. అప్పటి నుంచి మా గుంపులో ఆ బిళ్ళ వేసుకునే వాళ్ళందరం మంగళవారమే వేసుకుంటాం. డాక్టర్లని అడిగి అందరం ఒకే రోజుకి మార్చుకున్నాం. రాత్రి తొమ్మిదింటికి ఒకరి నుంచి ఒకరికి ఫోన్. "వేసుకున్నావా?" "వేసుకున్నా." అంతే. బుధవారం కొందరికి వికారంగా ఉంటుంది కాబట్టి ఆ రోజు ఎవరూ ఎవరినీ ఏ పనీ అడగం. పెళ్ళి కావాల్సిన పిల్లలూ, పిల్లల్ని కనాలనుకునే వాళ్ళూ జాగ్రత్తగా వినండి. ఈ మందు మీద ఉండగా గర్భం రాకూడదు. ముందే డాక్టరుతో మాట్లాడి ఆపుకుని, కొన్ని నెలలు ఆగి, అప్పుడు. దీన్ని దాచి పెళ్ళి చేస్తే ఆ పిల్ల అత్తగారింట్లో బిళ్ళ కూడా దాచుకుని మింగాలి, లేదా మానెయ్యాలి. మానేసి కీళ్ళు పోగొట్టుకున్న పిల్లని నేను చూశాను. తల్లిదండ్రులకి చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను, దాచకండి.

మగవాళ్ళ గురించి తక్కువ చెప్పాను. మాలో ఒక ఆటో నడిపే తమ్ముడున్నాడు. ఇరవై రెండేళ్ళప్పటి నుంచి నడుం నొప్పి. ఆటో నడిపితే నడుం నొప్పి రాదా అన్నారు అందరూ, తనూ అదే అనుకున్నాడు. కానీ అతనికి నొప్పి వచ్చేది ఆటో నడిపేటప్పుడు కాదు, తెల్లవారుజామున మూడింటికి. లేచి వాకిట్లో అటూ ఇటూ తిరిగితే తగ్గేది. పడుకుంటే పెరిగి, తిరిగితే తగ్గే నడుం నొప్పి, అదీ చిన్న వయసులో మొదలైతే, వాత వైద్యుడికి చూపించాలి. అతనికి యాంకిలోజింగ్ స్పాండిలైటిస్, అంటే నేను ఇందాక చెప్పిన నడుం బిగుసుకుపోయే జబ్బు అని తేలేసరికి ఎనిమిదేళ్ళు గడిచాయి, మెడ పూర్తిగా తిరగడం లేదు. ఇప్పుడు మమ్మల్ని గుంటూరు తీసుకెళ్ళేది అతనే. తెల్లారకముందే బయల్దేరతాం. పొద్దున చేతులూ కాళ్ళూ కాస్త బాగుండే వాళ్ళు లైన్లో నిలబడి ఓపీ చీటీలు తీసుకుంటారు, బిగుసుకుపోయిన వాళ్ళు ఆటోలోనే కూర్చుంటారు. ఈ నెల నిలబడిన వాళ్ళు వచ్చే నెల కూర్చోవచ్చు. లెక్కలు రాసుకోం.

చట్టం గురించి ఒకరు చీటీ మీద రాసి అడిగారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. సికిల్ సెల్ అందులో ఉంది. పాడేరు ఏజెన్సీలో, ఆదిలాబాద్ వైపు ఆ జబ్బున్న పిల్లలు ఎంతోమంది. ఎర్ర రక్తకణాలు కొడవలిలా ఒంగి నాళాల్లో అడ్డుపడితే వాళ్ళకి వచ్చే నొప్పి భరించరానిది. కీళ్ళవాతానికి మాత్రం ఆ చట్టంలో విడిగా పేరు లేదు. కీళ్ళు దెబ్బతిని కదలిక తగ్గితే చలన వైకల్యం కింద కొలుస్తారు, 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ప్రయోజనాలు వస్తాయి. ఫైబ్రోమయాల్జియా ఉన్న అమ్మాయికి కొలవడానికి ఏమీ కనపడదు, నొప్పికి శాతం లేదు. ఇది సరి కాదని నా అభిప్రాయం. ఎవరైనా దీని మీద వినతిపత్రం రాస్తే మేం 38 మందిమీ సంతకాలు పెడతాం, సంతకం పెట్టలేని చేతుల వాళ్ళం వేలిముద్ర వేస్తాం. నల్గొండ ఫ్లోరైడు గ్రామాల వాళ్ళు తమ ఒంగిపోయిన ఒళ్ళు అందరికీ చూపించి మంచినీళ్ళ కోసం ఎన్నేళ్ళు అడిగారో గుర్తు చేసుకోండి. ఆ జబ్బుని మన దేశంలో గుర్తించి రాసింది 1937లో, నెల్లూరు ప్రాంతంలో. అక్కడి నుంచి కుళాయి దాకా ఎంతకాలం పట్టిందో చూడండి.

ఇంకో మాట, ఇది కష్టమైన మాట. రాత్రిళ్ళు చాలనిపించిన రోజులు నాకున్నాయి. మా గుంపులో సగం మందికి ఉన్నాయి. నొప్పీ, నిద్రలేమీ, దిగులూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. అలాంటప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసి పెట్టుకోండి. టెలిమానస్ అని ప్రభుత్వానిది ఉంది, 14416, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. మేం పొద్దున్న ఎనిమిదింటికల్లా ఒకరికొకరం మిస్డ్ కాల్ ఇచ్చుకుంటాం. రాకపోతే వెళ్ళి తలుపు కొడతాం. ఒకసారి అలా కొట్టిన తలుపు వెనక ఉన్నావిడ ఇవాళ మీకు గేటు దగ్గర టీ ఇచ్చింది. ఆవిడ చెప్పమంటేనే చెప్తున్నాను.

నిలబడటం ఎక్కువైంది, కూర్చుంటాను. ఒక్క నిమిషం.

జాకెట్ల సంగతి చెప్పి ఆపేస్తాను. మందులతో నా చేతులు కొంత కుదుటపడ్డాక నేను మొదట కుట్టింది నా జాకెట్టే. హుక్కులు తీసేశాను. ముందు వైపు టిచ్ బటన్లు పెట్టాను, పెద్దవి, అరచేత్తో నొక్కితే పడతాయి. వాటి మీద పట్టీ ఉంటుంది కాబట్టి బయటికి మామూలు జాకెట్టులాగే కనపడుతుంది. తర్వాత గుంపులో వాళ్ళకి కుట్టాను. భుజం ఎత్తలేని వాళ్ళకి చంక దగ్గర రెండు అంగుళాలు వదులు వదిలి, చెయ్యి వెనక్కి తిప్పకుండా తొడుక్కునేలా. నైటీ జిప్పుకి ఉంగరమంత రిబ్బను ముడి, వేలు దూర్చి లాగితే చాలు. లంగాకి బొందు బదులు ఎలాస్టిక్. మా పిన్నిగారు, సీసా మూత తిప్పినావిడ, ఆవిడకి 71 ఏళ్ళు. వితంతువు. కోడలు ఊళ్ళో లేని రోజుల్లో పక్కింటి వాళ్ళని పిలవలేక జాకెట్టు లేకుండా చీర చుట్టుకుని గదిలోనే కూర్చునేవారట. ఎవరికీ చెప్పలేదు. టిచ్ బటన్ల జాకెట్టు తొడుక్కుని, అద్దం ముందు నిలబడి, బటన్లు విప్పారు, పెట్టారు. మళ్ళీ విప్పారు, మళ్ళీ పెట్టారు. నేను ఆ చప్పుడు వింటూ గుమ్మంలో నిలబడ్డాను. టక్, టక్, టక్.

వెనక బల్ల మీద మూడు సైజుల్లో జాకెట్లు పెట్టాను. గది తలుపు తీసే ఉంది, లోపల అద్దం ఉంది. ఒకసారి తొడుక్కుని చూడండి. పక్కనే టేపూ, పుస్తకం ఉన్నాయి, మా అమ్మాయి కూర్చుని కొలతలు రాస్తుంది. బటన్ల ఖర్చు మాత్రమే తీసుకుంటాను. ఇవ్వలేని వాళ్ళు ఆ మాట నాతో అనక్కర్లేదు, పుస్తకంలో పేరు పక్కన ఏమీ రాయకుండా వదిలెయ్యండి.